మా ఆరోగ్య రికార్డుల కీ ఎవరి చేతిలో ఉంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల మంత్రులకు బహిరంగ లేఖ



ఒకే లేఖ ఇద్దరికీ రాస్తున్నందుకు మన్నించండి. రాష్ట్రాలు రెండయినా ఈ విషయంలో మీ ముందున్న ప్రశ్న ఒకటే. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఆ తర్వాత పథకాల పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు, డయాలసిస్‌ల వివరాలు మాత్రం పేరుపేరునా పోగుపడుతూనే ఉన్నాయి. 2022లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో వైద్య సిబ్బంది ప్రజల ఆరోగ్య సమాచారాన్ని నమోదు చేశారు. 2024 నవంబరులో తెలంగాణ అంతటా ఎన్యూమరేటర్లు గడపగడపకూ వచ్చి కులం, ఆదాయం, అప్పుల సంగతి రాసుకెళ్లారు. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మీరు అడిగినవన్నీ మేం చెప్పాం. ఇప్పుడు మేం అడగాల్సింది ఒకటుంది. ఆ సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, దాన్ని విప్పే కీ ఎవరి చేతిలో ఉంది?

నేను బ్యాంకు డేటా సెంటర్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఎన్‌క్రిప్షన్ కీలకు కాపలా ఉండడం మా ఉద్యోగంలో భాగం. ‘డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేశాం, భయం లేదు’ అని ఎవరైనా అంటే, ఆ మాట పూర్తవకముందే కీ సంగతి అడగడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

డేటా మన గడ్డ మీదే ఉందని మీరు అనవచ్చు. నిజమే. అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో ఇక్కడ డేటా సెంటర్లు పెడతానని ప్రకటించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతానంది. ఇవి వద్దనేవాణ్ని కాను. అయితే డిస్కు ఏ ఊళ్లో ఉందన్నది ఒక సంగతి, దాని మీద ఎవరి మాట చెల్లుతుందన్నది వేరే సంగతి. అమెరికా 2018లో క్లౌడ్ యాక్ట్ అనే చట్టం చేసింది. దాని ప్రకారం, అక్కడి కంపెనీ తన అధీనంలో ఉన్న డేటాను ఏ దేశంలో దాచినా, వారెంటు వస్తే ఇవ్వాలి. కంపెనీ అభ్యంతరం చెప్పుకోవడానికి కొన్ని దారులున్నా, నిర్ణయం మన చేతుల్లో ఉండదు. కీ మన దగ్గరే ఉంటే మాత్రం ఆ కంపెనీ ఇవ్వగలిగేది ఎవరికీ అర్థంకాని అంకెల గుట్టే. గోడ దూకిన దొంగకైనా, కంపెనీలో పనిచేసే దారితప్పిన ఉద్యోగికైనా దొరికేది అదే. రాష్ట్ర ప్రభుత్వం సొంత డేటా సెంటర్‌లో పెట్టుకున్నా ఈ లెక్క మారదు.

కొంచెం వివరంగా చెబుతాను. సమాచారం మూడు స్థితుల్లో ఉంటుంది: డిస్కు మీద నిల్వగా, నెట్‌వర్క్ మీద ప్రయాణంలో, ప్రాసెసర్ చేతిలో పనిలో. మొదటి రెండింటికీ పరిష్కారాలు ఎప్పుడో వచ్చాయి. నిల్వకు ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2001లోనే దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. 256 బిట్ల ఏఈఎస్ కీని ఒక్కొక్కటిగా ప్రయత్నించి పట్టుకోవడం నేటి ఏ కంప్యూటర్‌కూ సాధ్యం కాదు. ప్రయాణానికి టీఎల్‌ఎస్ అనే పద్ధతి ఉంది. అందుకే తెలివైన దొంగ ఎన్‌క్రిప్షన్‌తో కుస్తీ పట్టడు. కీ ఎక్కడుందో వెతుకుతాడు, లేదా కీ వాడే అనుమతి ఉన్నవాడి వేషం వేస్తాడు.

2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకుకు జరిగింది ఇదే. అమెజాన్ క్లౌడ్‌లో ఆ బ్యాంకు దాచుకున్న వినియోగదారుల వివరాలు బయటికి పోయాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మందివి, కెనడాలో సుమారు 60 లక్షల మందివి. ఆ పని చేసింది ఒకప్పుడు అమెజాన్‌లో పనిచేసిన ఇంజనీరు. ఫైర్‌వాల్ అమరికలో దొరికిన ఒక లోపంతో, ఆ సర్వరుకు ఉన్న అనుమతులు ఆ ఇంజనీరు చేతికొచ్చాయి. డేటా ఎన్‌క్రిప్ట్ చేసే ఉంది. కానీ చదివే అనుమతి ఉన్నచోటే విప్పే అనుమతీ ఉంది. అక్రమంగా లోపలికి వచ్చినవారికి డేటాను విప్పే వీలు కూడా దొరికిందని బ్యాంకే తన ప్రకటనలో ఒప్పుకుంది. 2020లో 8 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. మన టెండరు పత్రాల్లో ‘ఎన్‌క్రిప్షన్ ఉందా?’ అన్న గడి ఎదుట ‘ఉంది’ అని రాయడం సులువు. క్యాపిటల్ వన్ కూడా ఆ గడిని నిజాయితీగానే నింపగలిగేది.

క్లౌడ్ కంపెనీ దగ్గరే కీలు ఉంటే ఏమవుతుందో 2023లో చూశాం. మైక్రోసాఫ్ట్‌కు చెందిన, 2016లో తయారైన ఒక సంతకపు కీ చైనాతో సంబంధమున్న ముఠా చేతిలో పడింది. దానితో వాళ్లు అమెరికా విదేశాంగ శాఖ సహా పలు సంస్థల ఈమెయిళ్లలోకి చొరబడ్డారు. ఒక్క విదేశాంగ శాఖ నుంచే సుమారు 60 వేల మెయిళ్లు పోయాయి. ఈ చొరబాటు ఆపగలిగిందేనని, కీ ఎలా పోయిందో కంపెనీ తేల్చలేకపోయిందని 2024లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సమీక్ష బోర్డు తన నివేదికలో రాసింది. అగ్రరాజ్యం విదేశాంగ శాఖకే తప్పని గతి మన జిల్లా ఆసుపత్రికి తప్పుతుందని అనుకోవడం ఎలా?

దీనికి విరుగుడు మా బ్యాంకుల్లో చాలాకాలంగా ఉంది. మీ ఏటీఎం పిన్ మీ బ్యాంకు మేనేజరుకు తెలియదు, చైర్మన్‌కు తెలియదు, కంప్యూటర్ గదిలో రాత్రి డ్యూటీ చేసిన మాకూ తెలియదు. మీరు మీటలు నొక్కగానే ఆ నాలుగంకెలు అక్కడే ఎన్‌క్రిప్ట్ అవుతాయి. బ్యాంకులో హెచ్‌ఎస్‌ఎం, అంటే హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ అనే పెట్టె ఉంటుంది. పిన్‌ను సరిచూసే పనంతా దాని కడుపులోనే జరుగుతుంది. బయటికొచ్చేది ‘సరే’ లేదా ‘కాదు’ అన్న జవాబు. ఎవరైనా మూత ఊడదీయబోతే అది తనలోని కీలను తానే చెరిపేసుకుంటుంది. ఈ ఆలోచన 1970ల నాటిది. ఈజిప్టులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు మొహమ్మద్ అటాలా రూపొందించిన పెట్టెతో బ్యాంకుల్లోకి వచ్చింది.

ఇక మాస్టర్ కీ ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. దాన్ని రెండు మూడు భాగాలుగా చేసి వేర్వేరు కస్టోడియన్ల చేతికిస్తారు. ఒకరు తన భాగాన్ని ఎక్కిస్తుంటే మరొకరు తల తిప్పుకోవాలి. భాగాలున్న కవర్లకు సీలు వేసి వేర్వేరు లాకర్లలో పెడతారు. తీసినా, పెట్టినా రిజిస్టర్‌లో సంతకం, సమయం పడాలి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపించేది. పిన్ పోతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం బయటపడితే దాన్ని మార్చుకునే వీలు ఏ బ్రాంచిలోనూ ఉండదు. మార్చుకోగల నాలుగంకెలకు ఇంత కాపలా పెట్టిన దేశంలో, మార్చుకోలేని వాటికి అంతకు తక్కువ కాపలా సరిపోదు.

ఈ పద్ధతి ప్రభుత్వానికి కొత్తేమీ కాదు. 2017 జులైలో ఆధార్ సంస్థ యూఐడీఏఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆధార్ నంబర్లను దాచే సంస్థలు వాటిని ‘ఆధార్ డేటా వాల్ట్’ అనే వేరు చోట ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టాలంది. మిగతా డేటాబేసుల్లో నంబరుకు బదులు ఒక రిఫరెన్స్ కీ మాత్రమే వాడాలంది. ఎన్‌క్రిప్షన్ కీలు హెచ్‌ఎస్‌ఎంలోనే ఉండాలంది. పన్నెండంకెల నంబరుకు ఆ నియమం పెట్టినప్పుడు, ఆ నంబరు పక్కనే ఉండే గర్భస్రావం రికార్డుకు, మానసిక వైద్యుడి చీటీకి, కులం గడికి అదే నియమం వర్తింపజేయడానికి అడ్డేమిటి?

ఇప్పుడు మూడో స్థితికి వస్తాను. సాంకేతికంగా కష్టమంతా ఇక్కడే. డేటా మీద లెక్క వేయాలంటే ఎక్కడో ఒకచోట దాన్ని విప్పాలి. మామూలు సర్వరులో అది ర్యామ్‌లో విప్పి ఉంటుంది. ఆ యంత్రాన్ని నడిపేవారికి ర్యామ్‌లోకి తొంగి చూడడం అసాధ్యమేమీ కాదు. హెచ్‌ఎస్‌ఎం పిన్‌ను సరిచూడగలదు గానీ, లక్ష మంది రోగుల రికార్డుల మీద పరిశోధన చేయలేదు. విప్పకుండానే లెక్కలు వేసే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ సాధ్యమేనని క్రెయిగ్ జెంట్రీ 2009లో నిరూపించాడు. కానీ పెద్ద పనులకు అది నేటికీ చాలా నెమ్మది.

మధ్యేమార్గం ప్రాసెసర్ చిప్పులోనే వచ్చింది. ఇంటెల్ 2015లో ఎస్‌జీఎక్స్ తెచ్చింది, ఆ తర్వాత టీడీఎక్స్. ఏఎండీ ఎస్‌ఈవీ తెచ్చి దాన్ని ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీగా బలపరిచింది. వీటిలో ర్యామ్‌లోని డేటా కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాని కీ ప్రాసెసర్ దాటి బయటికి రాదు. క్లౌడ్ కంపెనీ ఉద్యోగి ఆ యంత్రాన్ని ఆపగలడు, తీసేయగలడు, లోపల ఏముందో మాత్రం చదవలేడు. ఇలాంటి రక్షిత ప్రాంతాన్ని ఎన్‌క్లేవ్ అంటారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే తీసుకోండి. కిడ్నీ జబ్బు అక్కడ ఇన్ని ఊళ్లను ఎందుకు పట్టి పీడిస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలాలంటే రోగుల రక్త పరీక్షలు, తాగే నీటి పరీక్షలు, చేసే పని, కుటుంబ చరిత్ర పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ వివరాలు వేర్వేరు ఆసుపత్రుల్లో, శాఖల్లో ఉంటాయి. ఒకచోట పోగుచేసి పరిశోధకుల చేతిలో పెడితే ఫలానా ఇంట్లో ఫలానావారికి జబ్బుందని తెలిసిపోతుంది. పిల్ల పెళ్లి దగ్గర ఆ వివరం ఎంత చేటు చేస్తుందో ఆ ఊళ్లవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్‌క్లేవ్‌లో అయితే డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే లోపలికి వెళ్తుంది, లోపలే విప్పుకుంటుంది, లెక్క పూర్తయ్యాక పట్టికలు మాత్రమే బయటికొస్తాయి. పరిశోధన ఆగదు, ఇంటి పేరు బయటపడదు. అయితే బయటికొచ్చే పట్టికలో ఒక చిన్న ఊళ్లో ఒక్క రోగే ఉంటే ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి మరీ చిన్న సంఖ్యలను చూపకూడదన్న నియమం కూడా ఆ ప్రోగ్రాములోనే రాసి ఉండాలి.

లోపల నడిచేది మనం ఒప్పుకున్న ప్రోగ్రామేనని నమ్మేదెలా? అందుకు అటెస్టేషన్ ఉంది. ఇలాంటి ప్రతి ప్రాసెసర్‌లోనూ తయారీలోనే ఒక రహస్యం నిక్షిప్తమై ఉంటుంది. లోపలికి ఎక్కించిన ప్రోగ్రాముకు ప్రాసెసర్ వేలిముద్ర లాంటి ఒక అంకె, అంటే హ్యాష్, లెక్కగట్టి, దాని మీద సంతకం చేసి ఇస్తుంది. మన హెచ్‌ఎస్‌ఎం ఆ సంతకాన్ని, హ్యాష్‌ను సరిచూసి, ఆమోదించిన జాబితాలో ఉంటేనే కీ ఇస్తుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ మారిపోతుంది, కీ రాదు. ఎన్‌క్రిప్షన్‌కూ సురక్షిత హార్డ్‌వేర్‌కూ ఉన్న అసలు బంధం ఇదే. మంత్రివర్యులు గుర్తుపెట్టుకోవాల్సిన సాంకేతిక సంగతి ఇదొక్కటి చాలు.

ఎన్‌క్లేవ్ కొంటే సరిపోతుందని మీకు చెప్పేవారుంటారు. నమ్మకండి. 2018లో ఫోర్‌షాడో అనే దాడితో పరిశోధకులు ఎస్‌జీఎక్స్ లోపలి రహస్యాలు బయటికి లాగారు. 2024 డిసెంబరులో బెల్జియం, జర్మనీ, బ్రిటన్ పరిశోధకులు బ్యాడ్‌ర్యామ్ అనే దాడి చూపించారు. ర్యామ్ తన పరిమాణం గురించి ప్రాసెసర్‌కు అబద్ధం చెప్పేలా చేసి ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీని దాటారు. అందుకు వాడిన సామగ్రి ఖరీదు సుమారు పది డాలర్లు. ఏఎండీ ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చింది. 2025లో మరో దాడి బయటపడింది. యాభై డాలర్ల లోపు సర్క్యూట్ బోర్డును ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య పెట్టి ఇంటెల్, ఏఎండీ రెండింటి రక్షణనూ ఛేదించారు. యంత్రాన్ని చేత్తో పట్టుకుని చేసే ఇలాంటి దాడులు తమ రక్షణ పరిధిలోకి రావని ఆ కంపెనీలు అంటున్నాయి. అంటే డేటా సెంటర్ గదిలోకి ఎవరు వెళ్తున్నారన్నది ఎన్‌క్లేవ్ ఉన్నా ముఖ్యమే. అసలు కీలు అదే గదిలో, అదే కంపెనీ చేతిలో ఉండకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఎన్‌క్రిప్షన్‌తో పనిలేని తప్పులూ ఉన్నాయి. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న సంజీవని మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో, పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా ఒక ప్రభుత్వ డ్యాష్‌బోర్డులో ఎవరికైనా కనిపిస్తోందని వార్తలొచ్చాయి. అక్కడ దొంగ ఎవరూ లేడు. చూపించకూడనిదాన్ని మనమే చూపించాం. డ్యాష్‌బోర్డుకు ఎన్ని మందులు అమ్ముడయ్యాయో తెలిస్తే చాలు. కొన్నవాళ్ల పేర్లతో దానికేం పని?

కీ మన దగ్గర ఉంచుకుంటే మరో బరువూ మన మీద పడుతుంది. కీ పోతే డేటా పోయినట్టే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో దొంగలు అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటాను తమ కీతో ఎన్‌క్రిప్ట్ చేశారు. దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి చాలా రోజులు కాగితాల మీద నడిచింది. దొంగ చేసిన ఆ పనిని మన అజాగ్రత్త కూడా చేయగలదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్‌లో నిప్పంటుకుని, బ్యాకప్ లేని 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్లు బూడిదయ్యాయి. కాబట్టి కీల నకళ్లు రెండు ఊళ్లలో, రెండు హెచ్‌ఎస్‌ఎంలలో ఉండాలి. ఏటా ఒకసారి వాటితో డేటాను విప్పి చూసి, పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోవాలి.

ఇక చట్టం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. తగిన భద్రత పాటించకుండా డేటా పోగొడితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చంది. 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఆ నిబంధనల్లో ఎన్‌క్రిప్షన్ అన్న మాట ఉంది. కీ ఎవరి దగ్గర ఉండాలన్న మాట లేదు. ఆ ఖాళీని పూరించడానికి ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. డేటా మీది, టెండరు మీది, షరతులు పెట్టే అధికారమూ మీదే.

అందుకే మీ ఇద్దరికీ నా విన్నపాలు ఇవి.

మొదటిది: ఆరోగ్యం, కులం, ఆదాయం వంటి సమాచారానికి వాడే మాస్టర్ కీలు రాష్ట్ర ప్రభుత్వం సొంత హెచ్‌ఎస్‌ఎంలలో ఉండాలి. కస్టోడియన్లు వేర్వేరు శాఖల రెగ్యులర్ ఉద్యోగులై ఉండాలి. కాంట్రాక్టు సంస్థ మనిషికి ఏ భాగమూ ఇవ్వకూడదు. ఇది సాధ్యమేనా అంటే, కీలను కస్టమరే బయట తన పెట్టెలో ఉంచుకునే సదుపాయాన్ని అమెజాన్ 2022 నవంబరులోనే ప్రకటించింది, హైదరాబాద్ రీజియన్ తెరిచిన నెలలోనే. గూగుల్ దగ్గరా అలాంటిది ఉంది. అడిగేవాళ్లు కావాలి, అంతే.

రెండోది: ఒక్కో డేటాబేసుకు వేరే కీ ఉండాలి. ఒకటి పోయినా మిగతావి నిలబడాలి.

మూడోది: డేటా మీద విశ్లేషణ ఏదైనా అటెస్టేషన్ ఉన్న ఎన్‌క్లేవ్‌లోనే జరగాలి. అటెస్టేషన్ మీద సంతకం చిప్పు తయారీదారు చేస్తాడా, క్లౌడ్ కంపెనీ చేస్తుందా అన్నది టెండరులోనే రాయాలి. కొన్ని సేవల్లో, అమెజాన్ నైట్రో ఎన్‌క్లేవ్‌ల వంటి వాటిలో, ఆ సంతకం క్లౌడ్ కంపెనీదే. అలాంటప్పుడు మనం తిరిగి ఆ కంపెనీనే నమ్ముతున్నట్టు. ఫర్మ్‌వేర్ సవరణ వచ్చాక ఎన్ని రోజుల్లో వేయాలో గడువు పెట్టాలి. ఆ గడువు దాటిన యంత్రానికి హెచ్‌ఎస్‌ఎం కీ ఇవ్వకూడదు.

నాలుగోది: కీ వాడిన ప్రతిసారీ ఎవరు, ఎందుకు అన్నది చెరపడానికి వీల్లేని లాగ్‌లో పడాలి. తన రికార్డు ఎవరు తెరిచారో చూసుకునే హక్కు రోగికి ఇవ్వాలి.

అయిదోది: కాంట్రాక్టు ముగిసిన రోజు, కొత్త చోట డేటా సరిగా చేరిందని తేలాక, పాత కీని సాక్షుల ముందు నాశనం చేయాలి. పాత కంపెనీ డిస్కుల్లో, బ్యాకప్‌లలో ఎన్ని నకళ్లు మిగిలిపోయినా అవి ఇక ఎవరికీ పనికిరావు. ‘డేటా తొలగించాం’ అన్న సర్టిఫికెట్ కంటే ఇది గట్టిది.

ఖర్చు గురించి ఆర్థిక శాఖ అడుగుతుంది. భారీ ఐటీ ప్రాజెక్టుల పద్దులో రెండు జతల హెచ్‌ఎస్‌ఎంలు చిన్న ఖర్చే. ఎన్‌క్లేవ్‌లలో పని కొంత నెమ్మదిస్తుంది, నిజమే. కష్టమల్లా మనుషులకు శిక్షణ ఇవ్వడంలో, రిజిస్టర్ నిజాయితీగా రాయించడంలో ఉంది. చిన్న పట్టణాల సహకార బ్యాంకుల ఖాతాదారుల ఏటీఎం కార్డుల వెనకా ఏదో ఒక హెచ్‌ఎస్‌ఎం పనిచేస్తూనే ఉంది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు అది తలకు మించిన పని కాదు.

పాఠకులకూ ఒక మాట. మీ ఎమ్మెల్యే ఎదురైనప్పుడు, ఊళ్లో సర్వే కోసం ఎవరైనా తలుపు తట్టినప్పుడు, ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడు అడగండి: ఈ వివరాలు విప్పే కీ ఎవరి దగ్గర ఉంటుంది? ఫారం పట్టుకొచ్చిన మనిషి దగ్గర జవాబు ఉండకపోవచ్చు. నలుగురు అడిగితే ఆ ప్రశ్న పైదాకా వెళ్తుంది.

మంత్రివర్యులారా, ఈ లేఖకు బదులుగా హామీ వద్దు. పై అయిదు షరతులతో ఒక జీవో ఇవ్వండి. ఈసారి పిలిచే క్లౌడ్ టెండరు నుంచే వాటిని అమలు చేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పూర్వపు కీ కస్టోడియన్